చిలకలపూడి మెరుగు

కుసుమ ఆక్స్‌ఫర్డ్‌లో ఇల్లు కొన్నదన్న వార్త బందరు చేరేసరికి దాని రూపమే మారిపోయింది. తమ్ముడు దుర్గేష్ ఎవరికి ఏం చెప్పాడో గానీ, ఆవిడేదో పెద్ద యూనివర్సిటీ పక్కన మేడ కట్టించుకున్నట్టే చుట్టాలంతా ఫోన్లు చేశారు. ఇది న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ దాటి ముప్పావుగంట కారులో పోతే వచ్చే ఆక్స్‌ఫర్డ్ అనీ, ఇక్కడున్నవి ఒక బేకరీ, ఒక పెట్రోలు బంకు, లెక్కలేనన్ని గొర్రెలూ అనీ మొదట్లో ఓపిగ్గానే చెప్పింది. తరవాత విసుగొచ్చి, అనుకుంటే అనుకోనీ మనకేం నష్టం అని ఊరుకుంది. నిజం చెప్పాలంటే అందులో ఆవిడకి కాస్త సంతోషం కూడా ఉంది.

ఉంటే మాత్రం తప్పేముంది? క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపం వచ్చాక ఆ ఊరు మళ్లీ కడుతున్న రోజుల్లో భర్త రవిచంద్ర సివిల్ ఇంజనీరుగా వచ్చాడు. వెనకాలే వచ్చిన కుసుమ హాస్పిటల్ లాబ్‌లో ఉద్యోగం సంపాదించింది. అప్పట్నించీ అద్దె ఫ్లాట్ల కాపురమే. ఒక ఫ్లాట్‌లో చలికాలమంతా గోడలు చెమ్మగిల్లేవి. ఇంకో ఫ్లాట్‌లో ఇంగువ పోపు వేస్తే పక్కింటివాళ్లు కిటికీలు మూసేవాళ్లు. దేవుడి పటం తగిలించడానికి మేకు కొట్టాలన్నా ఓనరు పర్మిషన్ కావాలి. ఇన్నేళ్లకి సొంత గోడ దొరికింది. తాళాలు చేతికి రాగానే ఆవిడ చేసిన మొదటి పని, ఏ పటమూ లేకుండానే ఆ గోడకి ఒక మేకు కొట్టడం. రవిచంద్ర నవ్వాడు గానీ, సుత్తి అందించింది ఆయనే.

ఇల్లు పాతది, చెక్క గోడలది. అమ్మినావిడ పేరు మార్జరీ. ఎనభై దాటిన మనిషి. భర్త కెన్ పోయాక ఒంటరిగా ఇంత ఇల్లు ఊడ్చుకోలేక, ఊళ్లోనే రెండు గదుల ఇంటికి మారిపోయింది. తాళాలిచ్చే రోజున హాలంతా తిప్పి చూపించి, చివరికి ఒక మూల ఉన్న కట్టెల పొయ్యి దగ్గర ఆగింది. ఇక్కడివాళ్లు దాన్ని లాగ్ బర్నర్ అంటారు. నల్లటి ఇనప పెట్టె, ముందు గాజు తలుపు, వెనక నించి కప్పు దాకా పొగ గొట్టం. తలుపు చుట్టూ ఏదో పట్టీ ఉందిగానీ మసీ జిడ్డూ పట్టి అది ఏ లోహమో చెప్పలేనంత నల్లగా ఉంది.

"నీకు నచ్చనిది ఏదైనా పీకి పారెయ్యి. ఈ ఫైర్‌ని మాత్రం పారెయ్యకు," అంది మార్జరీ. "కెన్ నా కోసం కొన్నాడు. గొర్రెలు కాసేవాడింట్లో బంగారు పొయ్యేమిటని ఊరంతా నవ్వింది. ఏటా చలి మొదలయ్యే ముందు కూర్చుని తుడిచేవాడు. ఆయన పోయాక దాన్నెవరూ ముట్టుకోలేదు."

కుసుమ మోకాళ్ల మీద కూర్చుంది. చున్నీ కొస తడిచేసి పట్టీ మీద ఒకచోట మెల్లగా అద్దింది. వేలెడంత మేర పసుపుపచ్చటి కాంతి కనిపించింది.

"పిడి ఇత్తడిది. ఈ పట్టీ ఇత్తడి కాదు. దీనికి బంగారు పూత వేశారు," అంది.

"నీకెలా తెలుసు?"

"మా నాన్న చేసిన పని అదే."

ఆ మాటతో ఆవిడ వెన్ను దానంతటదే నిటారైంది. అంతటితో ఆగినా బాగుండేది. "మార్జరీ, వచ్చే నెల మా గృహప్రవేశానికి మీరు రావాలి. ఈ పొయ్యి మీదే పాలు పొంగిస్తాను. మీ ఇంటికి వచ్చిన మొదటి రోజున ఎలా ఉందో అలా చేసి చూపిస్తాను. ఒక్క మచ్చ కూడా ఉండదు," అని మాట ఇచ్చేసింది.

మార్జరీ ఏదో ఆలోచిస్తూ పొయ్యి వంక చూసింది. "మరీ కొత్తగా చెయ్యనక్కర్లేదులే," అంది. పెద్దావిడ మొహమాటానికి అంటోందనుకుంది కుసుమ.

మూడో మనిషికి తెలియకుండా ఉంటే అది గొప్ప ఎందుకవుతుంది? ఆ వారమే పుష్పలత వచ్చింది. పుష్పలతది గుడివాడ. క్రైస్ట్‌చర్చ్ పక్కన రోలస్టన్‌లో కొత్తగా వేసిన కాలనీలో, గాలిని వెచ్చబరిచే హీట్ పంపు గదికొకటి ఉన్న కొత్త ఇంట్లో ఉంటుంది. మనసు మంచిదే. నోటికే తలుపుండదు. కుసుమా ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. ఇల్లంతా తిరిగి చూసి, కిటికీల సందుల్లో చెయ్యి పెట్టి గాలి వస్తోందో లేదో పరీక్షించి, చివరికి పొయ్యి దగ్గరికి వచ్చింది.

"ఇదేంటి వదినా, ఈ కాలంలో కట్టెల పొయ్యా? పీకించేసి హీట్ పంపు పెట్టించు. హాయిగా రిమోట్ నొక్కుకోవచ్చు."

"దానికి బంగారు పూత ఉంది వదినా. శుభ్రం చేస్తే చూడాలి దాని అందం."

పుష్పలత వంగి చూసి పకపకా నవ్వింది. "పొయ్యికి గిల్టా! చిలకలపూడి పిల్లవనిపించుకున్నావు. గృహప్రవేశం రోజున ఓ కర్టెన్ అడ్డం కట్టెయ్. పాలకి నా ఇండక్షన్ స్టవ్ తెస్తాలే."

గిల్టు అన్న మాట కుసుమకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

బందరు పక్కన చిలకలపూడిలో పుట్టిన ఆడపిల్లకి ఆ మాట కొత్త కాదు. రాగి మీదా ఇత్తడి మీదా బంగారు పూత వేసి నగలు చేసే వీధిలో పెరిగింది. ఏ పెళ్లికెళ్లినా ఎవరో ఒకరు మెళ్లో గొలుసు పట్టుకుని "గిల్టేనా?" అని అడిగేవాళ్లు. ఒకసారి ఏడుస్తూ ఇంటికొస్తే నాన్న సుబ్బయ్య పని ఆపకుండానే సమాధానం చెప్పాడు. "గిల్టంటే దొంగసొమ్ము కాదమ్మా. ఇదంతా బంగారమని నేనెవరికన్నా చెప్పానా? పైన ఉన్నంత మాత్రం నిఖార్సయిన బంగారం. వెంట్రుక మందం కూడా ఉండదు. దాన్ని పోకుండా నిలబెట్టడంలో ఉంది మన పరువు." సుబ్బయ్య పోయి చాలా ఏళ్లయింది. వీధిలో ఆ షాపు లేదు. కుసుమ బుర్రలో మాత్రం ఆ గొంతు అలాగే ఉండిపోయింది.

"ఇండక్షన్ అక్కర్లేదు వదినా. పాలు ఈ గిల్టు పొయ్యి మీదే పొంగుతాయి. నువ్వే చూద్దువుగాని," అంది.

అంతే. ముహూర్తం ఇంకా దూరం ఉన్నా, అద్దె ఫ్లాట్ ఖాళీ చెయ్యక తప్పదు కాబట్టి అప్పటికే కొత్త ఇంట్లో సామాను దింపేసుకున్నారు. ఆ రోజు నించి సాయంత్రాలన్నీ పొయ్యికే పోయాయి. లాబ్ నించి రాగానే టీ తాగి, పాత చుడీదార్ వేసుకుని, పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చునేది. చల్లబడిన పొయ్యి కాబట్టి భయం లేదు. లోపలి బూడిద ఎత్తి పక్కన పెట్టింది. తడి న్యూస్‌పేపరు ఆ బూడిదలో అద్ది గాజు తలుపు తోమితే, ఏళ్లనాటి మసి కరిగి కారింది. ఆ చిట్కా చెప్పింది పక్కింటి కివీ ఆయన. "మా అమ్మమ్మ గిన్నెలు తోమినట్టే తోముతున్నారే వీళ్లు కూడా!" అని రవిచంద్ర ఆశ్చర్యపోయాడు.

పిడి గట్టి ఇత్తడిది. దానికి మొహమాటం అక్కర్లేదు. నానబెట్టిన చింతపండులో కాస్త ఉప్పు కలిపి రుద్దితే, దీపపు సెమ్మె మెరిసినట్టు మెరిసింది. అది చూసి రవిచంద్రకి హుషారు వచ్చింది. సాయం చేద్దామని అదే చింతపండు పిడికెడు తీసుకుని పట్టీ వైపు చెయ్యి చాపాడు.

"వేలు పెట్టకండి!"

ఆ కేకకి ఆయన చేతిలోని చింతపండు చెప్పు మీద పడింది.

"ఏమైందే బాబూ?"

"పులుపు తగిలితే పూత లేచిపోతుంది. ఇత్తడి వేరు, ఇది వేరు. మీరు వెళ్లి కుక్కర్ పెట్టండి, పుణ్యముంటుంది."

పట్టీకి ఆవిడ ఎంచుకున్నది కుంకుడుకాయ. క్రైస్ట్‌చర్చ్ ఊళ్లో రిక్కర్టన్‌లోని ఇండియన్ షాపులో తలకి రుద్దుకునే పొడి దొరికింది. దాన్ని గోరువెచ్చటి నీళ్లలో కలిపి, వడగట్టి, నురుగు మాత్రం తీసుకుంది. రవిచంద్ర పాత లుంగీ చింపింది. మెత్తబడిన నూలు గుడ్డ కన్నా మెత్తనిది ఈ దేశంలో డబ్బిచ్చినా దొరకదని ఆవిడ నమ్మకం. నురుగు అద్దడం, కాసేపు ఆగడం, ఒకే వైపుకి తుడవడం, మంచినీళ్ల గుడ్డతో కడగడం, పొడి గుడ్డతో తడి లేకుండా ఒత్తడం. గట్టిగా రుద్దకూడదు. మూలల్లో ఆకుల చెక్కడం ఉంటే, పంటిపుల్లకి దూది చుట్టి ఒక్కో ఈనెలోంచీ మసి లాగింది. బెత్తెడు శుభ్రమయ్యేసరికి నడుం పట్టేసేది. అయినా లేచేముందు ఒకసారి టార్చ్ వేసి చూసుకుని, ఎవరూ చూడటం లేదు కదా అని మురిసిపోయేది. రవిచంద్ర వంటింట్లోంచి చూస్తూనే ఉండేవాడు.

రోజులు గడిచేకొద్దీ బంగారం బయటపడింది. కింది పట్టీ, ఎడమ పట్టీ, పై పట్టీ. అంత నల్లటి ఇనుము మధ్య ఆ పచ్చటి గీత కనబడితే హాలుకే కళ వచ్చింది. ఆఫీసు నించి వచ్చిన రవిచంద్ర బూట్లు విప్పడం మర్చిపోయి నిలబడ్డాడు.

"కుసుమా, నిజంగానే బంగారమే!"

"మరి నేనేం చెప్పాను?" అంది ఆవిడ. ఆ పూట అన్నంలోకి రెండు కూరలు చేసింది.

పై పట్టీలో కుడి మూల ఒక్కటే మిగిలింది. అక్కడ తేలింది అసలు చిక్కు. మసి పోయింది, జిడ్డు పోయింది, గోధుమరంగు మచ్చ ఒకటి పోలేదు. నురుగు పెట్టింది. మళ్లీ పెట్టింది. తడి దూది రాత్రంతా అంటించి ఉంచింది. మచ్చ చెక్కు చెదరలేదు. టార్చ్ దగ్గరగా పెట్టి చూస్తే అది వట్టి మచ్చ కాదు. బొటనవేలి ముద్ర. సుడులు తిరిగిన గీతలతో సహా బంగారంలోకి మాడి అచ్చుపడిపోయి ఉంది.

కుసుమకి వెంటనే అర్థమైంది. పూత మీద ఎవరిదో చేతి జిడ్డు తుడవకుండానే తొలిసారి పొయ్యి వెలిగించారు. సెగ తగలగానే ఆ జిడ్డు పూతలోకి దిగిపోయింది. ఒకసారి దిగితే ఇక రాదు. సుబ్బయ్య షాపులో వేడి తగలబోయే సరుకు మీద ఎవరన్నా వేలు వేస్తే, ఆయన వేసిన కేక వీధి చివరిదాకా వినిపించేది. బిగించడానికి వచ్చిన మెకానిక్ చేతులు తుడుచుకోకుండా చేసి ఉంటాడని, ఆ ముఖం తెలియని మెకానిక్‌ని కుసుమ అచ్చతెలుగులో నాలుగు తిట్లు తిట్టింది.

తిడితే మచ్చ పోతుందా? పక్కనే గిన్నెలో చింతపండు ఉంది. ఉప్పు ఉంది. ఒక్క రుద్దు చాలు. మచ్చ లేచిపోతుంది. దాంతోపాటు అక్కడి బంగారమూ లేచిపోతుంది. బొటనవేలంత మేర పూత కింది తెల్లటి లోహం బయటపడుతుంది గానీ, మూల కాబట్టి దూరం నించి మెరుపులో మెరుపుగా కలిసిపోతుంది. 'ఒక్క మచ్చ కూడా ఉండదు' అని మాటిచ్చింది కదా. పుష్పలత వంగి చూస్తుంది కదా. ఆవిడ చెయ్యి గిన్నెలోకి వెళ్లింది. చింతపండు తీసుకుంది కూడా.

"ఆ మూల ఎవరు చూస్తార్లే, రుద్దెయ్," అన్నాడు వెనక నించి రవిచంద్ర, ఆవిడ అవస్థ చూడలేక.

ఆ మాటే ఆవిడ చేతిని ఆపింది. ఎవరు చూస్తార్లే అని పని చెయ్యడం సుబ్బయ్య ఇంట్లో లేదు. మచ్చ కోసం బంగారాన్ని గీకెయ్యడం అసలే లేదు. "నేను చూస్తానండీ, రోజూ," అంది. చింతపండు గిన్నెలో పడేసి లేచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓడిపోయానన్న ఉక్రోషం అది. దాచిపెట్టడానికి మాత్రం దారి వెతికింది. ఇంటి వెనక మార్జరీ వేసిన చామంతులు విరగబూసి ఉన్నాయి. దండ గుచ్చి పై పట్టీ కుడి మూలకి వేలాడదీస్తే పూజకి పూజ, పరువుకి పరువు.

గృహప్రవేశం శనివారం పొద్దున. గుమ్మానికి ప్లాస్టిక్ మామిడి తోరణం, పచ్చిక మీద మంచు, వరండా నిండా చెప్పులు. పౌరోహిత్యానికి విష్ణు గారు వచ్చారు. ఆయన వారమంతా సాఫ్ట్‌వేర్, శనాదివారాలు మంత్రాలు. పుష్పలత పట్టుచీర మీద పెద్ద చలికోటు వేసుకుని వచ్చి, అన్నమాట ప్రకారం ఇండక్షన్ స్టవ్ తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. "దేనికైనా మంచిది," అంది.

ఆ తరవాత ఆవిడ చూపు పొయ్యి మీద పడింది. నోరు తెరిచింది గానీ మాట రాలేదు. పుష్పలతకి మాట రాకపోవడం క్రైస్ట్‌చర్చ్ ఉన్న సౌత్ ఐలండ్‌లో తెలుగువాళ్లెవరూ అంతకు ముందు చూడలేదు.

"వదినా... ఇది అదేనా?"

"అదే గిల్టు," అంది కుసుమ. ఆ క్షణం కోసం పడిన నడుంనొప్పి అంతా తీరిపోయింది.

ఇక కాపలా మొదలైంది. తెల్లవారుజామునే పట్టీనంతా చివరిసారి తుడిచి పెట్టింది కాబట్టి, వెలిగించేదాకా దాని మీద చీమ కూడా పాకడానికి వీల్లేదు. ఫొటో తీసుకుందామని చెయ్యి ఆనించబోయినవాడిని ఒక్క చూపుతో వెనక్కి పంపింది. విష్ణు గారు పంచె సవరించుకుంటూ పొయ్యికి ఆనుకోబోతే, "పంతులు గారూ, వేలు పెట్టకండి!" అని అరిచింది. ఆయన మంత్రం మధ్యలో రెండు చేతులూ పైకెత్తేశారు.

మార్జరీ ఒక సంచీ పట్టుకుని వచ్చింది. దానినిండా ఎండిన పైన్ కాయలు. "కెన్ ఎప్పుడూ వీటితోనే వెలిగించేవాడు," అంది. పొయ్యిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తరవాత దగ్గరగా వచ్చి, తలుపు చుట్టూ ఏదో వెతుకుతున్నట్టు చూసి, చామంతి దండ దగ్గర ఆగింది. సరిగ్గా అప్పుడే విష్ణు గారు ముహూర్తం దగ్గరపడిందని తొందరపెట్టారు. మార్జరీని కుర్చీలో కూర్చోబెట్టి కుసుమ పొయ్యి ముందుకు వచ్చింది.

కొత్త గిన్నెలో పాలు పోశారు. లోపల పైన్ కాయలు, సన్నటి పుల్లలు, పైన రెండు కట్టెలు పేర్చారు. విష్ణు గారు గొంతెత్తి, "పొయ్యికి పసుపు కుంకుమలు పెట్టండమ్మా," అన్నారు.

అమ్మ పెట్టింది, అమ్మమ్మ పెట్టింది. కొత్త పొయ్యి ఏది వచ్చినా, ఆఖరికి గ్యాస్ స్టవ్ వచ్చినా పెట్టాకే వెలిగించారు. ఆలోచించే పని ఏముంది? కుసుమ ఉంగరపు వేలు తడి పసుపులో ముంచి, పై పట్టీ మీద వరసగా అయిదు బొట్లు పెట్టింది. ఒక్కోదాని మీద కుంకుమ అద్దింది. కళ్లకి అద్దుకుని దణ్ణం పెట్టింది. అగ్గిపుల్ల గీసి వెలిగించింది. నెలరోజులుగా ఊరందరి వేళ్లనీ కాపలా కాసిన మనిషి తన వేలి సంగతే మరిచిపోయింది. చుట్టూ ఉన్న అంతమంది ఆడవాళ్లలో ఒక్కరికీ అది తప్పని తోచలేదు. తోస్తే వాళ్లు మనవాళ్లే కారు.

పైన్ కాయలు భగ్గున అంటుకున్నాయి. పాలు మాత్రం తాపీగా కూర్చున్నాయి. విష్ణు గారు వాచీ చూసుకున్నారు. పుష్పలత ఇండక్షన్ స్టవ్ వంక చూసింది. కుసుమ ఇంకో కట్టె వేసి, గాలి వెళ్లే మీట తిప్పి, పళ్లు బిగపట్టి నిలబడింది. హాలు వెచ్చబడింది. స్వెటర్లు ఒక్కొక్కటే విప్పారు. చివరికి గిన్నె అంచున నురుగు లేచింది. లేచి లేచి, తూర్పువైపుకే పొంగి చుయ్యిమని పొయ్యి మీద పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. రవిచంద్ర గట్టిగా ఈల వేశాడు. కుసుమ నవ్వుతూ ఏడ్చేసింది. సొంత ఇంట్లో, సొంత పొయ్యి మీద, సొంత చేతి మెరుగు మీద పొంగిన పాలవి.

"దండ మాడుతోంది, తీసెయ్యండి," అన్నారు విష్ణు గారు.

దగ్గరగా ఉన్నది మార్జరీయే. కట్టెలు ఎగదోసే ఇనపకడ్డీతో అలవాటుగా దండని ఎత్తి పక్కన పెట్టింది. కుసుమ అటు తిరిగేసరికి రెండూ ఒకేసారి కనిపించాయి. కుడి మూల పాత బొటనవేలి ముద్ర. దాని పక్కనుంచి వరసగా, పసుపు మాడి కుంకుమ నల్లబడి, అయిదు కొత్త మచ్చలు.

పొడి గుడ్డ కర్రకి చుట్టి ఆత్రంగా తుడిచింది. మాడిన పొడి రాలింది. మచ్చలు పోలేదు. అయిదూ ఉంగరపు వేలి ముద్రలు, గీతలతో సహా. చిలకలపూడి సుబ్బయ్య కూతురు! లోకాన్నంతా వేలు పెట్టకండని అరిచి, తనే అయిదుసార్లు పెట్టింది. ఆయన ఉంటే ఏమనేవాడు? గదిలో ఒక్కొక్కరికే విషయం అర్థమై నవ్వులు ఆగిపోయాయి.

ఆవిడ మార్జరీ వైపు తిరిగింది. "నన్ను క్షమించండి. ఒక్క మచ్చ కూడా ఉండదన్నాను. ఆ మూలది పోలేదు, అందుకే పూలు కప్పాను. ఇవి నేనే చేశాను. పొయ్యి పాడుచేశాను."

మార్జరీ వింటున్నట్టు లేదు. కళ్లజోడు సర్దుకుని మూలకి వంగింది. చెయ్యి చాపింది గానీ, వేడికి బెత్తెడు దూరంలో ఆపేసింది.

"ఉంది," అంది. "ఉంటుందో ఉండదోనని రాత్రంతా నిద్రపోలేదు. నువ్వు కొత్తదానిలా చేస్తానన్నప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. అది కెన్ వేలు. పొయ్యి వచ్చిన రోజున తుడిచి వెలిగించమని నేను చెబుతూనే ఉన్నాను. ఆగలేకపోయాడు. నెల్లాళ్లు ఆయనతో మాట్లాడలేదు నేను. ఇప్పుడు ఆయనది ఈ ఇంట్లో మిగిలింది అదొక్కటే."

కుసుమ చేతిలో చింతపండు తడి మళ్లీ తగిలినట్టయింది. ఒక్క రుద్దు. ఒకే ఒక్క రుద్దు దూరంలో ఆగింది. నాన్న గొంతు ఆపింది. ఆవిడ మార్జరీ చేతులు రెండూ పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. అంతమంది చూస్తున్నారని ఇద్దరికీ పట్టలేదు.

"ఈ అయిదూ నీవా?" అంది మార్జరీ, కళ్లు తుడుచుకుని. "కెన్ ఒక్కటే పెట్టాడు. నీతో ఎన్ని నెలలు మాట్లాడకుండా ఉండాలో మరి మీ ఆయన!"

రవిచంద్ర దాన్ని తెలుగులో అందరికీ చెప్పి, "నేను ఓ రెండు రోజులు ట్రై చేస్తాను," అన్నాడు. గది మళ్లీ నవ్వులతో నిండింది.

పుష్పలతకి మాత్రం మనసు ఒప్పలేదు. అంత పని చేసిన పిల్ల నలుగురిలో చిన్నబోకూడదని నిజంగానే అనుకుంది. పళ్లెంలో మిగిలిన నిమ్మచెక్క ఒకటి గుడ్డలో పెట్టుకుని, "ఎంతలే వదినా, చల్లారాక ఒక్క రుద్దు రుద్దితే పోతుంది. నేను చూసుకుంటాగా," అంటూ పొయ్యి ముందుకొచ్చింది.

"వదినా! వేలు పెట్టకు!"

చిలకలపూడి వీధి చివరిదాకా వినిపించేంత కేక. పుష్పలత నిమ్మచెక్క వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. విష్ణు గారు అలవాటుగా చేతులు పైకెత్తారు.

కుసుమ పొయ్యికీ జనానికీ మధ్య నిలబడింది. చీర కొంగు నడుముకి దోపింది. ఇత్తడి పిడి గుడ్డతో పట్టుకుని తలుపు తెరిచి, ఇంకో కట్టె లోపలికి తోసి, మూసింది. మంట లేచింది. ఆరు మచ్చలూ, వాటి చుట్టూ ఉన్న బంగారమూ ఆ వెలుగులో తళతళలాడాయి.

"ఈ చివరిది కెన్ గారిది. ఈ అయిదూ నావి," అంది, అడగనివాళ్లకి కూడా వినిపించేలా.